నాలుగు కుట్లు పడ్డాక మడత కత్తి మళ్ళీ ఎలా ఎంచుకున్నాను

నా కుడిచేతి చూపుడు వేలి రెండో కణుపు మీద అడ్డంగా ఒక తెల్లటి గీత ఉంటుంది. నాలుగు కుట్లు పడిన చోటది. ఆ రోజు నేను చేస్తున్నది సాహసమేమీ కాదు. ఒక పెద్ద పెట్టెకు చుట్టిన గట్టి ప్లాస్టిక్ పట్టీని తెంపుతున్నాను, అంతే. మొన పట్టీ కింద దూర్చి, పిడి బిగించి పట్టుకుని, కొంచెం మెలితిప్పాను. టక్కుమని ఒక చప్పుడు. తెరిచి ఉన్న బ్లేడు మడుచుకుని నా వేలి మీదే మూసుకుంది.

కుట్లు వేస్తూ డాక్టరు గారు "దీనికి లాక్ ఉండదా?" అని అడిగారు. లాక్ ఉందన్న ధీమాతోనే అంత తెగించానని చెప్పడానికి నోరు రాలేదు.

నా పని నెట్‌వర్క్ కేబుళ్లు వేయడం, పరికరాలు బిగించడం. రోజూ పెట్టెలు విప్పాలి, టేపు కోయాలి, తాళ్లు తెంపాలి. కాబట్టి జేబులో కత్తి నాకు సరదా కాదు, స్క్రూడ్రైవర్ లాంటిదే. కానీ ఆ మొదటి కత్తిని మాత్రం పనిముట్టులా చూసి కొనలేదు, బొమ్మలా చూసి కొన్నాను. నల్లటి పూత, ఉలిలా కోసిన మొన, స్ప్రింగుతో ఎగిరి తెరుచుకునే బ్లేడు. వెన్ను దగ్గర 4 మిల్లీమీటర్ల మందం. చేతిలో పట్టుకుంటే బరువుగా ఉంటుంది, బరువుంటే బలమనుకునే రకం నేను. ఏ ఉక్కో చెప్పకుండా బ్లేడు మీద "స్టెయిన్‌లెస్ స్టీల్" అని మాత్రం రాసి ఉంది. అది కూడా నాకు అప్పట్లో గొప్పగానే కనిపించింది.

వేలు మానాక చేసిన మొదటి పని ఆ కత్తిని పూర్తిగా విప్పడం. కోపంతో కాదు, అసలేం జరిగిందో తెలుసుకోవాలని.

దాంట్లో ఉన్నది లైనర్ లాక్. పిడి లోపల ఒక పక్కన పలచటి లోహపు రేకు ఉంటుంది. దాన్ని కొంతమేర చీల్చి, లోపలికి వంచి, స్ప్రింగులా తయారుచేస్తారు. బ్లేడు పూర్తిగా తెరుచుకోగానే ఆ రేకు పక్కకు జరిగి బ్లేడు మొదలు వెనక అడ్డంగా నిలబడుతుంది. మూయాలంటే బొటనవేలితో రేకును పక్కకు నెట్టాలి. ఈ రోజు చూస్తున్న రూపంలో దీన్ని తీర్చిదిద్దింది మైఖేల్ వాకర్ అనే అమెరికన్ కత్తుల తయారీదారు, 1980ల మొదట్లో. చాలా తెలివైన పద్ధతి. తయారుచేసినవాళ్లు శ్రద్ధ పెడితే.

నా కత్తిలో రెండు లోపాలు కనిపించాయి. మొదటిది, ఎనిమిది నెలల్లోనే రేకు కొస అరిగిపోయి, అడ్డంగా జరిగి జరిగి అవతలి పక్కకు ఆనుకుంది. ఇక జరగడానికి చోటు లేదు, అందుకే పట్టు వదులైంది. రెండోది ఇంకా చిత్రం. బ్లేడు తెరిచినప్పుడు ఆ రేకు అంచు పిడి బయటికి పొడుచుకు వస్తోంది. నేను పిడిని ఎంత గట్టిగా బిగిస్తే నా వేలి కండ ఆ రేకును అంతగా పక్కకు నెడుతోంది. అంటే గట్టిగా పట్టుకున్నకొద్దీ లాక్‌ను నేనే విప్పుతున్నానన్నమాట! దానికి తోడు మెలితిప్పాను. తప్పులో సగం వాటా నాదే, కాదనను. కత్తి కోయడానికి గాని తవ్వడానికి, ఎత్తడానికి కాదని చిన్నప్పుడు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు.

కొత్తది కొనే ముందు ఈసారి ఒక నెల ఆగాను. ఆ నెలంతా ఒక చిన్న పుస్తకంలో, కత్తి అవసరమైన ప్రతిసారీ దేనికి అవసరమైందో రాసుకున్నాను. మా జట్టులో సీనియర్ ఒకాయన అది చూసి, "ఏమయ్యా, కత్తి కొనడానికి కూడా డైరీ రాస్తావా?" అని నవ్వారు. ఆయన జేబులో విక్టోరినాక్స్ అనే స్విస్ కంపెనీ ఎర్ర చాకు ఎన్నేళ్లుగానో ఉంది. మూసినప్పుడు 91 మిల్లీమీటర్లుండే దాని రకాల్లో పెద్ద బ్లేడుకు లాకే ఉండదు, స్ప్రింగు ఒత్తిడి మీద నిలబడుతుంది అంతే. ఆయన చేతి మీద మాత్రం ఒక్క గీత లేదు. లాక్ లేదని తెలిసినవాడు జాగ్రత్తగా కోస్తాడు. ఇది నాకు కొంచెం గుచ్చుకుంది.

నెల తిరిగాక పుస్తకం చూస్తే ఆశ్చర్యమేసింది. ముప్పాతిక వంతు పని అట్టపెట్టెలు, టేపే. మిగిలిన దాంట్లో తాడు, ప్లాస్టిక్ కవర్లు, కేబుల్ పైతొడుగు. కేబుల్ టైలు చాలాసార్లు రాసుకున్నాను కానీ వాటికి కత్తి కన్నా కటింగ్ ప్లయరే మేలని రాస్తున్నప్పుడే తెలిసింది. కత్తితో టై తెంపబోయి పక్కనున్న కేబుల్‌కు మొన తగిలించిన రోజులున్నాయి. నెల మొత్తం మీద నా బొటనవేలి కంటే లావైన వస్తువును ఒక్కసారి కూడా కోయలేదు. మరి 4 మిల్లీమీటర్ల మందం దేనికి మోస్తున్నట్టు?

పొడవు విషయం అక్కడే తేలిపోయింది. ఏడున్నర సెంటీమీటర్ల బ్లేడు నాకు చాలు. పొడవు ఎంచుకునే ముందు మీరుండే చోట చట్టం ఏమంటుందో కూడా చూసుకోవాలి. దేశానికో తీరు. ఉదాహరణకు బ్రిటన్‌లో సరైన కారణం చూపకుండా బయట తిరిగేటప్పుడు వెంట ఉంచుకోవాలంటే పదును అంచు 3 అంగుళాలు దాటకూడదు, పైగా లాక్ ఉండకూడదు. మనకు భద్రత అనిపించే లాకే అక్కడ అభ్యంతరం.

మొన ఆకారం కూడా ఆ పుస్తకమే చెప్పింది. నాకు పొడిచే పని లేదు, లాగి కోసే పనే ఉంది. వెన్ను వంగి కిందికి దిగి, అంచు దాదాపు తిన్నగా ఉండే ఆకారాన్ని ఇంగ్లీషులో షీప్స్‌ఫుట్ అంటారు. చూడటానికి మొరటుగా ఉంటుంది. కానీ పెట్టె లోపలి వస్తువుకు గీత పడకుండా టేపు కోయాలంటే దానికి సాటి లేదు.

ఇక ఉక్కు. ఇక్కడ నేను దాదాపు రెండు నెలలు మునిగిపోయాను, నిజం చెప్పాలంటే అందులో నెలన్నర దండగ. పేర్లు చూస్తే రసాయన శాస్త్రం పరీక్షలా ఉంటాయి: డి2, విజి10, 14సి28ఎన్, ఎస్35విఎన్, ఎం390. ప్రతి దానికీ వీరాభిమానులున్నారు. అందరూ చెప్పేది వడగడితే మిగిలేది ఇంతే: పదును నిలవడం, పెళుసుగా విరగకపోవడం, తుప్పు పట్టకపోవడం, ఈ మూడూ ఒకే ఉక్కులో పూర్తిగా దొరకడం కష్టం. ఒకటి పెంచితే ఇంకొకటి తగ్గుతుంది. ఆ బేరాన్ని వీలైనంత తగ్గించాలనే 2021లో ల్యారిన్ థామస్ అనే లోహ శాస్త్రవేత్త రూపకల్పన చేసిన మాగ్నాకట్ అనే ఉక్కు వచ్చింది. దాన్ని అందరూ మెచ్చుకుంటున్నారు, నేనైతే వాడలేదు.

డి2 మీద మొదట మనసు పడింది. అరిగిపోదు, పదును చాలాకాలం నిలుస్తుంది అన్నారు. ఒక స్నేహితుడి దగ్గర ఆ ఉక్కు కత్తి రెండు వారాలకు అడిగి తెచ్చుకున్నాను. నాకు చెమట ఎక్కువ, కత్తి రోజంతా ప్యాంటు జేబులోనే ఉంటుంది. పదో రోజుకు అంచు పక్కన గోధుమరంగు చుక్కలు తేలాయి. కారణం తర్వాత తెలిసింది. డి2లో క్రోమియం దాదాపు 12 శాతం ఉంటుంది. లెక్క ప్రకారం అది తుప్పును ఆపాలి. కానీ కార్బన్ కూడా ఒకటిన్నర శాతం దాకా ఉండటంతో క్రోమియంలో చాలా భాగం కార్బన్‌తో కలిసి గట్టి రేణువులుగా మారిపోతుంది. తుప్పును ఆపడానికి విడిగా మిగిలేది తక్కువ. ఆ రేణువుల వల్లే పదును నిలుస్తుంది, వాటి వల్లే తుప్పూ పడుతుంది. చుక్కలు రుద్ది, నూనె రాసి, క్షమాపణతో సహా కత్తిని స్నేహితుడికి తిరిగిచ్చాను.

చివరికి 14సి28ఎన్ దగ్గర ఆగాను. స్వీడన్ ఉక్కు అది, శాండ్‌విక్ వాళ్లు తెచ్చింది. కార్బన్ 0.62 శాతమే, క్రోమియం 14 శాతం, పైగా కొంచెం నైట్రోజన్ కలుపుతారు. అది గట్టిదనాన్నీ తుప్పును తట్టుకునే గుణాన్నీ రెండింటినీ నిలబెడుతుంది. పదును డి2 అంతకాలం ఉండదు. కానీ పోయినప్పుడు మామూలు సానరాయి మీద పది నిమిషాల్లో తిరిగి వచ్చేస్తుంది. ఖరీదైన ఉక్కుల్లో కొన్నిటికి వజ్రపు పొడి పూసిన రాళ్లు ఉంటే గాని పని సాగదు. నాకు అంత ఓపిక లేదు. అట్టలో, ముఖ్యంగా పాత అట్టను మళ్లీ వాడి చేసిన దాంట్లో, సన్నటి ఇసుకలాంటి నలుసులు ఉంటాయి. ఏ ఉక్కయినా దాని ముందు మొద్దుబారాల్సిందే. ఎంతకాలానికి మొద్దుబారుతుంది అన్నదానికంటే ఎంత సులువుగా పదునెక్కుతుంది అన్నదే నాకు పట్టింది.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్తాను. ఉక్కు పేరు సగం సంగతే. మిగతా సగం దాన్ని కాల్చి చల్లార్చిన తీరులో ఉంటుంది. ఒకే ఉక్కును ఒకరు సరిగ్గా కాలిస్తే గట్టిదనాన్ని చెప్పే రాక్‌వెల్ కొలతలో 60 దాకా వస్తుంది, ఇంకొకరి చేతిలో మెత్తగా మిగిలిపోతుంది. విక్టోరినాక్స్ వాళ్లు తమ బ్లేడ్లను 56 దగ్గరే ఉంచుతారు. లెక్కలో చూస్తే తక్కువే, కానీ పలచటి బ్లేడు, ఇట్టే సాన పడుతుంది. మా సీనియర్ గారి చాకు అన్నేళ్లు నిలిచిన రహస్యం అదేనేమో.

ఉక్కు కన్నా ఎక్కువ తేడా కనిపించింది అంచు వెనక మందంలో, అంటే పదును అంచుకు కాస్త పైన బ్లేడు ఎంత మందంగా ఉందన్నదాంట్లో. దీన్ని ఎవరూ పెట్టె మీద రాయరు. ఒక సాయంత్రం పాత అట్టపెట్టెలు పోగేసి నా నల్ల కత్తినీ, స్నేహితుడి పలచటి బ్లేడు కత్తినీ ఒకే రకంగా సాన పట్టి కోసి చూశాను. విప్పిన నల్ల కత్తిని ఈ పని కోసమే మళ్లీ బిగించాను, వేళ్లు దూరంగా పెట్టి. నాలుగు వేళ్ల పొడవు దిగేసరికి అది అట్టలో మేకులా ఇరుక్కుంది. కోయడం లేదు, చీలుస్తోంది. పలచటిది వెన్నలో దిగినట్టు పోయింది. మందం ఎక్కువైతే నువ్వు బలం ఎక్కువ పెడతావు, బలం ఎక్కువైతే మడత దగ్గర లాక్ మీద భారం పెరుగుతుంది. నా వేలు తెగడానికి బీజం అక్కడే పడిందని అప్పుడు గాని నాకు తట్టలేదు.

లాక్ దగ్గర నాకో పంతం ఉండేది. ఏదైనా సరే, లైనర్ లాక్ మాత్రం వద్దు. అందుకే మిగిలినవన్నీ చూశాను. వెన్ను వైపు పట్టే బ్యాక్ లాక్, 1964లో వచ్చిన బక్ 110తో పేరు తెచ్చుకున్న పద్ధతి, గట్టిది. కానీ ఆ గాడిలో జేబు నూగు చేరి గడ్డకడితే లాక్ పూర్తిగా కూర్చోదు, విప్పి మళ్లీ బిగించడం కూడా చిరాకు పని. పిడి పక్క భాగాన్నే లాక్‌గా చేసిన ఫ్రేమ్ లాక్ బాగుంది, నేను చూసినవన్నీ బరువు. అడ్డంగా కడ్డీ జరిగే రకం చాలా నచ్చింది, వేళ్లు బ్లేడు దారిలోకి రానే రావు. కానీ వెంట్రుకల్లాంటి రెండు స్ప్రింగులు దానికి ప్రాణం, అవి విరిగితే ఎక్కడ తేవాలి అన్న బెంగ. ఫ్రెంచి ఒపినెల్ కూడా తీసుకుని చూశాను. 1890 నుంచి చేస్తున్నారు, మొదలు దగ్గర తిప్పే ఉంగరం లాక్ 1955లో చేరింది. 8వ నంబరుది ఎనిమిదిన్నర సెంటీమీటర్ల బ్లేడు, కాగితంలా పలచన. కోయడంలో దాని తర్వాతే ఏదైనా. అయితే తెరవడానికి రెండు చేతులూ కావాలి, తడిసినప్పుడు చెక్క ఉబ్బి బ్లేడు బిగుసుకుంటుంది. నిచ్చెన మీద ఒక చేత్తో పట్టుకుని నిలబడేవాడికి అది కుదరదు. ఒకటి కొని ఇంట్లో పెట్టుకున్నాను, అది వేరే కథ.

కొనే చోట నేను చేసిన పరీక్షలు చూసి అమ్మేవాళ్లు విసుక్కున్నారు గాని పట్టించుకోలేదు. బ్లేడు తెరిచి, లాక్ ఎక్కడ కూర్చుందో వెలుతురులో చూడాలి. లైనర్ లాక్ అయితే బ్లేడు మొదలు మందంలో మూడో వంతు నుంచి సగం లోపు నిలబడితే మంచిది. అప్పుడు అరిగేకొద్దీ జరగడానికి చోటుంటుంది. అస్సలు అంచునే ఆగితే జారొచ్చు, అవతలికి చేరి ఉంటే కొత్తదే ముసలిదైనట్టు. తర్వాత వేళ్లను బ్లేడు దారిలో లేకుండా పట్టుకుని, వెన్ను మీద నెమ్మదిగా అదమాలి. కిందికి పైకి ఆడితే వదిలేయడమే. పక్కకు కొంచెం ఆడితే బ్లేడు తిరిగే ఇరుసు దగ్గరి పివట్ స్క్రూ బిగిస్తే పోవచ్చు. ఆఖరుది, పిడిని బాగా బిగించి పట్టుకుని లాక్ కదులుతుందా అని చూడటం. నా నల్ల కత్తి ఓడిపోయిన పరీక్ష ఇది. కొందరు వెన్నును బల్లకేసి కొట్టి చూస్తారు. తయారీదారులే వద్దంటారు, మంచి లాక్ కూడా దాంతో పాడవుతుంది.

ఇలా చూస్తూ చూస్తూ వేసుకున్న పంతం కూలిపోయింది. ఈ పరీక్షలన్నిటికీ నిలబడి, చేతిలో కుదిరి, నాలుగు స్క్రూలు తీస్తే విడిపోయే కత్తి చివరికి లైనర్ లాకే. కాకపోతే దీని రేకు మందం, పాతదానికి రెండింతలు. తెరిచినప్పుడు పిడి అంచుకు లోపలే ఉంటుంది, బొటనవేలు ఆనడానికి ఎదురు పక్క చిన్న గాటు పెట్టి ఆ ఒక్క చోటే బయటికి వదిలారు. ఎంత నొక్కినా కదలలేదు. అరగంట పట్టుకుని నిలబడ్డాను. "లైనర్ లాక్ వద్దన్నారుగా" అని అమ్మే ఆయన గుర్తుచేశారు కూడా.

బ్లేడు తిరిగే చోట ఇంకో ఎంపిక ఉంది. చాలామంది బాల్ బేరింగులు కావాలంటారు, వేలు తగిలితే చాలు ఎగిరి తెరుచుకుంటుంది. నేను ఫాల్స్ సీలింగుల్లో, సిమెంటు దుమ్ములో తిరుగుతాను. ఆ పొడి బేరింగుల్లో చేరితే కరకరలాడుతుంది. నేను తీసుకున్నదాంట్లో రెండు పక్కలా కంచు వాషర్లే ఉన్నాయి. మొదటి వారం బిగువుగా ఉండేది, తర్వాత వాడిన కొద్దీ నునుపెక్కింది.

పిడి జి10. గాజునూలు బట్టను ఎపాక్సీతో అద్ది చేసే గట్టి పలక. చెమట చేతికి జారదు, ఉబ్బదు. దీంతో ఒక్కటే ఇబ్బంది, జేబుకు తగిలించే క్లిప్ కింద ఆ గరుకుతనం ప్యాంటు జేబు అంచును ఆకురాయిలా తినేసింది. రెండు ప్యాంట్లు పోయాక ఆ కాస్త మేర నీళ్లు పోస్తూ ఉప్పుకాగితంతో నునుపు చేశాను. ఆ పొడి ఊపిరిలోకి పోకూడదు, అందుకే తడిపి రుద్దాలి, మాస్కు పెట్టుకోవాలి.

మూడో నెలలో పివట్ స్క్రూ దానంతట అదే వదులైంది. బ్లేడు పక్కకు ఊగుతుంటే గుండె ఝల్లుమంది. విప్పి, తుడిచి, మరల మీద స్క్రూలు వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు, నీలం రంగు థ్రెడ్‌లాకర్, చిన్న చుక్క వేసి బిగించాను, మళ్లీ కదల్లేదు. ఎరుపు రంగుది వేయకండి, దాన్ని విప్పాలంటే వేడి చేయాలి. విప్పితే వారంటీ పోతుందనే కంపెనీలు కొన్ని ఉన్నాయి, ముందే చదువుకోవడం మంచిది.

సాన పట్టడం నేర్చుకోవడానికి ఒక నెల పట్టింది. మొదట్లో కోణం కుదరక అంచు గుండ్రంగా చేసి పెట్టాను. తర్వాత అంచుకు మార్కర్ పెన్నుతో రంగు పూసి రుద్దడం మొదలుపెట్టాను. రంగు ఎక్కడ పోతోందో చూస్తే రాయి ఎక్కడ తగులుతోందో తెలుస్తుంది. ఒక్కో వైపు 20 డిగ్రీల లోపు. ఒక వైపు రుద్దితే అవతలి వైపు వేలికి సన్నటి లోహపు నూగు తగలాలి, అది తగలందే రాయి వదలకూడదు. ఆ నూగును తేలికపాటి చేత్తో తీసేస్తే అప్పుడు పదును.

విమానం ఎక్కేటప్పుడు మాత్రం ఇది చేతి సంచిలో చెల్లదు. ఒకసారి వరుసలో నిలబడ్డాక గుర్తొచ్చి, వెనక్కి పరిగెత్తి పెట్టెలో పడేసి వచ్చాను. టెన్షన్‌తో చెమటలు పట్టాయి.

ఇప్పటికి రెండున్నరేళ్లయింది. కొన్న రోజున లాక్ రేకు ఎక్కడ నిలబడిందో దగ్గరగా ఫోటో తీసి పెట్టుకున్నాను. ఆరు నెలలకోసారి మళ్లీ తీసి పక్కపక్కన పెట్టి చూస్తాను. మూడో వంతు దగ్గర మొదలైంది, ఇప్పటికీ సగం చేరలేదు. జేబులో కత్తి పక్కన చిన్న ఫ్లాట్ స్క్రూడ్రైవర్ కూడా చేరింది. డబ్బా మూతలు ఎత్తడానికి కత్తి అడిగినవాళ్లకు అది ఇస్తాను.

మొన్న మా జట్టులో కొత్తగా చేరిన కుర్రాడు కత్తి కొనుక్కుని తెచ్చి చూపించాడు. నేను తెరిచి, తిప్పి, లైటు కింద పెట్టి వెనక వైపు చూస్తున్నాను.

"అదేంటన్నా, బ్లేడు చూడకుండా అటు చూస్తున్నారు?" అన్నాడు.

పిడి బిగించి పట్టుకున్నాను, లాక్ కదల్లేదు. రేకు సగానికి ఇవతలే ఉంది. బాగుందన్నాను. స్క్రూలు మరీ చిన్నవి, నక్షత్రం ఆకారపు గుంట ఉండే టి6 సైజువి. అదొక్కటే నచ్చలేదు.